గొప్ప సినిమా కాదు, మీరు మళ్ళీ మళ్ళీ చూసే పాత సినిమా ఏది?

పాతరీలు:
ఎవర్ని అడిగినా మాయాబజార్, గుండమ్మ కథ, శంకరాభరణం అంటారు. కాదనను. కానీ ఆ మూడూ పక్కన పెట్టి, 1990కి ముందు వచ్చిన సినిమా ఒక్కటి చెప్పండి. రాత్రి పదకొండింటికి టీవీలో వస్తుంటే, పొద్దున్నే ఆఫీసు ఉందని తెలిసి కూడా లేవబుద్ధి కాని సినిమా.

నాది మల్లీశ్వరి (1951). కాలేజీ రోజుల్లో అమ్మ పోరు పడలేక కూర్చుని అరగంటకే నిద్రపోయాను. ముప్పై దాటాక చూస్తే మాత్రం గుండె పిండేసింది. వానకి ఆగిన మారువేషంలోని రాయలవారితో, ఆయనెవరో తెలియక, మా మల్లికి పల్లకీ పంపమని రాజుగారికి చెప్పండి అని ఆమె బావ నాగరాజు వేళాకోళం ఆడతాడు. నిజంగానే పల్లకీ వచ్చి మల్లిని అంతఃపురానికి తీసుకుపోతుంది, ఇద్దరి బతుకులూ తలకిందులవుతాయి. రాయలు దుర్మార్గుడేం కాదు, అడిగిందే పంపాడు! డబ్బాశ ఉన్న తల్లి ఉంది గానీ, అలాంటావిడ ప్రతి వీధిలోనూ ఉంటుంది. ఇక కృష్ణశాస్త్రి పాటలు, సాలూరి రాజేశ్వరరావు బాణీలు, భానుమతి గొంతు... వాటి గురించి మొదలుపెడితే ఇవాళ తెమలదు.

బొంకులదిబ్బ:
కన్యాశుల్కం (1955). నాటకాన్ని ప్రాణంగా చదివినవాళ్ళకి సినిమా కాస్త చప్పగానే ఉంటుంది, నాకూ అలాగే అనిపించింది. అయినా ఎన్టీఆర్ గిరీశం వేషం వెయ్యడం చూడండి. కోతలు కోసే, ఆడవాళ్ళని మోసం చేసే పాత్ర. ఇప్పటి పెద్ద హీరో ఎవరైనా ఒప్పుకుంటారా, ముందు ఫ్యాన్స్ ఒప్పుకుంటారా? అదే ఏడాది మిస్సమ్మలో ముక్కుమీద కోపంతో ఉన్న సావిత్రి, ఇందులో మధురవాణి. రెండూ వరసగా చూడండి, ఒకే మనిషంటే నమ్మబుద్ధి కాదు.

లడ్డూలపళ్ళెం:
మాయాబజార్ పక్కన పెట్టమంటే కుదరదండీ, క్షమించాలి. అందరూ చెప్తున్నారని మంచి సినిమాని వదిలేస్తామా? సావిత్రి గారి సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా వినండి. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉన్నప్పుడు ఆవిడ నడక, కనుబొమలు ఎగరేయడం, అప్పుడప్పుడు ఒళ్ళు విరుచుకోవడం, అన్నీ ఘటోత్కచుడి వేషం వేసిన ఎస్వీఆర్‌వే. 'అహ నా పెళ్ళియంట' పాటలో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు దూరినప్పుడు మా ఇంట్లో పిల్లలు ఇప్పటికీ పడీపడీ నవ్వుతారు. ఇంకో మాట, పాండవుల పిల్లాడి పెళ్ళి కథలో పాండవులు ఒక్క సీన్లో కూడా కనిపించరు. నాలుగోసారి చూసేదాకా నేను గమనించలేదు!

మూసీబ్రిడ్జి:
అన్నా, అందరూ విజయా, వాహినీ సంస్థల సినిమాల దగ్గరే ఆగిపోయిన్రు. మా భూమి చూసినోళ్ళు ఎవరూ లేరా ఇక్కడ? 1980లో విడుదలైంది, బి. నర్సింగరావు నిర్మాత, గౌతమ్ ఘోష్ దర్శకుడు, సాయిచంద్ హీరో. నిజాం కాలం, దొర గడీ, వెట్టి, సాయుధ పోరాటం. 'బండెనక బండి కట్టి' గద్దర్ గొంతులో వస్తుంటే మా తాత ఏమీ మాట్లాడకుండ బయటికి పోయి కూసున్నడు. ఆయన చిన్నప్పుడు చూసిందే అది. అయినా క్లాసిక్ లిస్టులు రాసేటోళ్ళకు ఈ సినిమా గుర్తుకు రాదు, ఎందుకో నాకైతే అర్థం కాదు.

సెగట్రీ:
ముత్యాల ముగ్గు (1975). రావు గోపాలరావు కోసం పదిసార్లు, గోదావరి పొద్దు కోసం పదిసార్లు. కెమెరా ఇషాన్ ఆర్య, దీనికే జాతీయ అవార్డు వచ్చింది. యూట్యూబ్‌లో నేను చూసిన ప్రింటులో మాత్రం ఆ రంగులన్నీ వెలిసిపోయి కడిగిన సున్నంలా ఉన్నాయి, ఏడుపొచ్చింది.

పాతరీలు:
లడ్డూలపళ్ళెం గారూ, రూల్ తప్పినా పాండవుల పాయింటుకి వదిలేస్తున్నా. మూసీబ్రిడ్జి అన్నా, మా భూమి నేను చూడలేదు, పాటలు మాత్రమే విన్నాను, తప్పు నాదే. ఆదివారం చూస్తా. కాస్త మంచి ప్రింటు ఎక్కడుందో తెలిస్తే చెప్పు.