జోడియాక్‌లో నెత్తురు సెట్‌లోనే పెట్టాల్సిందా, గ్రాఫిక్స్‌తో సరిపోయిందా?

బెజవాడ బాల్కనీ
నిజంగా జరిగిన వరస హత్యల మీద హాలీవుడ్ దర్శకుడు డేవిడ్ ఫించర్ తీసిన జోడియాక్ (2007) మీద నాది ఒక్కటే అభ్యంతరం. 1969 సెప్టెంబర్ 27న కాలిఫోర్నియాలో బెర్రీయెస్సా సరస్సు ఒడ్డున ఓ జంట మీద కత్తి దాడి జరిగింది. సినిమాలో ఆ సీన్ కోసం చెట్లను హెలికాప్టర్‌లో మోయించి మరీ అక్కడ నాటించారు. అంత పట్టుదల ఉన్న మనిషి నెత్తురు దగ్గరికి వచ్చేసరికి కంప్యూటర్‌కి వదిలేశాడు. ఒంట్లోంచి ఊరేది, బట్టల మీద మరకలు, అన్నీ తర్వాత కలిపినవే. చెట్టు నిజంది కావాలి, నెత్తురు అక్కర్లేదా? నా దృష్టిలో ఇది దర్శకత్వ లోపమే.

కీఫ్రేమ్
లోపం కాదండీ, లెక్క. చెట్టు ఒకసారి నాటితే అన్ని టేకులకీ అలాగే నిలబడి ఉంటుంది. నెత్తురు అలా కాదు. టేక్ అయ్యాక నటి ఒళ్లు తుడవాలి, జుట్టు కడగాలి, డ్రెస్ మార్చాలి, మేకప్ మళ్లీ వేయాలి, గడ్డి మీద పడినదాన్ని తీసేయాలి. ఎంత తొందరపడినా 20 నిమిషాలు అనుకోండి. ఫించర్ డజన్ల కొద్దీ టేకులు తీస్తాడని అందరికీ తెలుసు. 30 టేకులైతే తుడవడానికే 10 గంటలు. అదే రకం డ్రెస్సులు 30 ఉండాలి. తుడవడానికి చాలా టైం పోతుందనే సెట్‌లో నెత్తురు వద్దనుకున్నాడు.

నైట్‌షో
ఔట్‌డోర్‌లో సాయంత్రం ఎండ ఉంటే 20 నిమిషాలు చాలా ఎక్కువ. నీడ కదిలిపోతుంది, సీన్ మొత్తాన్ని దూరం నుంచి చూపే మాస్టర్ షాట్‌కీ క్లోజప్‌కీ అతకదు.

బెజవాడ బాల్కనీ
టైం సంగతి కాదు నేనడిగేది. తడి సంగతి. నెత్తురు తగిలిన గుడ్డ బరువెక్కుతుంది, ఒంటికి అతుక్కుంటుంది, మడత దగ్గర ముద్దగా నిలుస్తుంది. పట్టుకున్న చెయ్యి జారుతుంది. గ్రాఫిక్స్ మరక పొడి గుడ్డ మీద రంగు పూసినట్టే ఉంటుంది, ఎందుకంటే కింద గుడ్డ పొడిగా రెపరెపలాడుతోంది కాబట్టి. హాలీవుడ్ మేకప్ నిపుణుడు డిక్ స్మిత్ సూత్రంతో నెత్తురు ఎందుకు చేశారో ఆలోచించండి. కార్న్ సిరప్, ఎరుపు పసుపు ఫుడ్ కలర్లు, అవతలి రంగు కనపడకుండా జింక్ ఆక్సైడ్, పాడవకుండా మిథైల్ పారాబెన్, గుడ్డలోకి త్వరగా ఇంకడానికి ఫిల్మ్ కడిగేటప్పుడు వాడే కోడాక్ ఫోటోఫ్లో. ఆ చివరిది విషం, నోట్లో పెట్టే నెత్తురులో అస్సలు కలపకూడదు. సిరప్ ఒక్కటే పోస్తే గుడ్డ మీద పూసలు పూసలుగా నిలబడుతుంది. అంటే గుడ్డలో ఇంకడం కోసమే ఒక పదార్థం వెతికి పట్టుకున్నారు. మీరు ఆ ఒక్క గుణాన్నే వదిలేస్తున్నారు.

రీలు పిచ్చి
చీమలు, ఈగలు కూడా లెక్కలోకి తీసుకోండి. సిరప్ నెత్తురుతో ఆరుబయట షూటింగ్ అంటే మొదటి అరగంటలోనే మొదలవుతాయి.

కీఫ్రేమ్
బాల్కనీ గారూ, తడి గుడ్డ విషయం ఒప్పుకుంటాను. అందుకే మరకని "పూయడం" కాదు పని. గుడ్డ మీద చిన్న గుర్తులు పెట్టి షూట్ చేస్తారు, మడతలు ఎలా కదులుతున్నాయో వాటితో ట్రాక్ చేస్తారు. మరక పాకే దారి నేత పోగుల వెంట గీస్తారు, అంచు ఎగుడుదిగుడుగా ఉండాలి. ఎరుపు రంగుని గుడ్డ పైన పరచరు. కింది గుడ్డని ఆ రంగులో ముదురు చేస్తారు, అప్పుడే మడత నీడ మిగులుతుంది. తడి మెరుపు వేరే లేయర్, అది సీన్‌లో లైట్ ఉన్న వైపే పడాలి. చెయ్యి అడ్డొస్తే వేళ్లని ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ గీసి కత్తిరించాలి.

తప్పు జరిగేది మూడు చోట్ల. ట్రాక్ సగం పిక్సెల్ జారితే మరక గుడ్డ మీద ఈదుతుంది. మరకలోని నలుపు ప్లేట్‌లోని (అంటే కెమెరాతో తీసిన అసలు షాట్‌లోని) నలుపు కన్నా లోతుగా ఉంటే రంధ్రంలా కనపడుతుంది. కెమెరా నాయిస్ (చిత్రంలో ఉండే సన్నటి చుక్కలు) కలపడం మరిచిపోతే స్టిక్కరే. జోడియాక్‌లో ఎక్కువ భాగం థామ్సన్ వైపర్ డిజిటల్ కెమెరాతో తీసింది. 1920×1080, కలర్ కుదించకుండా డిస్క్‌లోకి రికార్డ్ చేశారు. ఫిల్మ్ కెమెరాలో రీలు కదిలేటప్పుడు వచ్చే సన్నటి వణుకు ఉండదు, ట్రాకింగ్‌కి అది పెద్ద లాభం. అదే హంతకుడి జూలై 4 కాల్పుల సీన్‌లో స్లోమోషన్ ముక్కలు మాత్రం ఫిల్మ్ మీద తీశారు, వైపర్‌కి ఆ స్పీడ్ లేదు కాబట్టి.

బెజవాడ బాల్కనీ
కెమెరా గురించి అడగలేదు. "సగం పిక్సెల్", "లేయర్" అని ఇక్కడ ఎవరైనా అనగానే మేకప్ వాళ్ల పని "తుడవడం" అయిపోతుంది. గాయం కట్టేవాళ్లది కూడా విద్యే. సిలికాన్ ముక్క అంచుని చర్మంలో కలపడం, కింద సన్నటి ట్యూబ్ వేసి పంపు నొక్కే టైమింగ్, ఇవన్నీ గంటల లెక్కలో "వేస్ట్" కింద పడేశారు. ప్రతి చర్చలో ఇదే వరస. విసుగొచ్చింది.

కీఫ్రేమ్
వేస్ట్ అన్న మాట నేను అనలేదు. పైకి వెళ్లి మళ్లీ చదవండి.

బెజవాడ బాల్కనీ
10 గంటలు తుడవడానికే పోతాయన్నారు. తేడా ఏముంది?

మ్యాట్ లైన్
ఇద్దరూ నెత్తురు దగ్గరే తిరుగుతున్నారు. ఆ సినిమాలో 200 పైచిలుకు ఎఫెక్ట్స్ షాట్లు ఉన్నాయి, ఎక్కువ భాగం డిజిటల్ డొమైన్ అనే గ్రాఫిక్స్ సంస్థ చేసింది. అదే హంతకుడు చేసిన అక్టోబర్ 11, 1969 టాక్సీ హత్య చూడండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో వాషింగ్టన్, చెర్రీ వీధుల మూల. ఆ ప్రాంతం మారిపోయింది, పైగా అక్కడివాళ్లు తమ వీధిలో ఆ హత్యని మళ్లీ తీయడానికి ఒప్పుకోలేదు. సుమారు 6 నిమిషాల సీన్ బ్లూ మ్యాట్ (తర్వాత వెనక దృశ్యం కలపడానికి వాడే నీలి తెర) ముందు తీశారు. ప్రొడక్షన్ డిజైనర్ డోనాల్డ్ బర్ట్ 1969లో ఆ మూల ఎలా ఉండేదో డ్రాయింగులు ఇచ్చాడు. ఆ వీధిని అన్ని కోణాల్లో ఎక్కువ రిజల్యూషన్ ఫోటోలు తీసి, ఇళ్ల ఆకారం కంప్యూటర్లో కట్టి, ముందు గోడలకి పాత కాలం ముఖాలు తొడిగారు. పోలీసు కార్లు, ఫైరింజన్, వీధి దీపాలు కూడా కలిపినవే. ఎంబార్కడెరో ఫ్రీవే 1989 భూకంపంలో దెబ్బతిని తర్వాత కూల్చేశారు, దాన్ని మ్యాట్ వరల్డ్ డిజిటల్ అనే ఇంకో గ్రాఫిక్స్ సంస్థ వాళ్లు మళ్లీ నిలబెట్టారు. ట్రాన్సమెరికా పిరమిడ్ అనే ఎత్తైన భవనం కళ్ల ముందే లేచే షాట్ కూడా వాళ్లదే. ఏళ్లు గడిచాయని ఒక్క డైలాగ్ లేకుండా చెప్పింది అది.

బెజవాడ బాల్కనీ
ఆ వీధి మూల విషయంలో నాకు గొడవ లేదు. లేని వీధిని ఇంకెలా తెస్తారు? టాక్సీని నేరుగా పైనుంచి చూసే షాట్‌లో, కారు తిరిగితే ఫ్రేమ్ కూడా దానితో తిరగడం, అది దర్శకుడి ఆలోచనే. గ్రాఫిక్స్ లేకపోతే రాదు. ఒప్పుకుంటాను.

నా బాధ వేరు. ఇక చెప్పేస్తాను. ఈ సినిమా పేరు చెప్పి మన థ్రిల్లర్లలో "ఫించరే పోస్ట్‌లో (షూటింగ్ అయ్యాక చేసే పనిలో) పెట్టాడు, మనమూ పోస్ట్‌లో చూసుకుందాం" అంటున్నారు. గాయం ఎక్కడో తేలదు, నెత్తురు ఎంతో తేలదు. నటుడు చెయ్యి పొట్ట మీద పెడతాడు, మరక పక్కటెముకల దగ్గర వస్తుంది. తర్వాత డీఐలో, అంటే చివర్లో రంగులు సరిచేసేటప్పుడు, రాత్రి సీన్ మొత్తాన్ని నీలానికి లాగుతారు, ఎరుపు చాక్లెట్ రంగుకి దిగిపోతుంది. తప్పు గ్రాఫిక్స్ కుర్రాళ్ల మీదికి వెళ్తుంది, నిర్ణయం తీసుకోనివాడు మాత్రం బాగానే ఉంటాడు.

కీఫ్రేమ్
ఇది మొదటే చెప్పి ఉంటే సగం చర్చ అక్కర్లేకపోయేది. ఈ మాట నాది కూడా. పోస్ట్‌కి వదలడానికీ పోస్ట్ కోసం షూట్ చేయడానికీ చాలా దూరం. రెండోదానికి సెట్‌లో చేయాల్సినవి: గాయం ఉండే చోట చర్మం మీద చిన్న చుక్క, నటుడికి ఆ చోటు ముందే చెప్పడం, నటులు తప్పుకున్నాక ఖాళీ ప్లేట్, లైట్ ఎటునుంచి పడుతోందో గ్రాఫిక్స్ వాళ్లకి తెలియడానికి అదే లైట్‌లో బూడిద రంగు బంతి, అద్దం బంతి ఒక్కో షాట్. కత్తి అయితే పొట్టి బ్లేడుతో తీసి మిగతాది పొడిగించడం. డీఐ రంగు ఎటు పోతుందో మూడు నాలుగు ఫ్రేములు గ్రేడ్ చేసి గ్రాఫిక్స్ వాళ్లకి ముందే పంపడం. ఇవి లేకుండా "తర్వాత చూద్దాం" అంటే అది బద్ధకమే.

కానీ నెత్తురు ఎంత అన్నది ఎడిటింగ్‌లో తేల్చడం దర్శకత్వం కాదని మాత్రం నేను అనను.

బెజవాడ బాల్కనీ
మనకి తేడా వచ్చింది అక్కడే. ఎంతో తెలియకుండా నటి దేనికి భయపడాలి? తన ఒంట్లోంచి వెచ్చగా కారుతోందని చెయ్యికి తెలియాలి. ఆ క్షణం అనుకోకుండా దొరికేది, 30 టేకుల్లో ఎంచుకునేది కాదు.

రీలు పిచ్చి
ఇంకో వైపు కూడా చూడండి. బతికి బయటపడ్డవాళ్లో సాక్షులో ఉన్న దాడులనే ఫించర్ చూపించాడు. అందుకే 1968 డిసెంబర్ 20 జంట హత్యలు తెర మీద లేవు, కథ 1969 జూలై 4తో మొదలవుతుంది. బెర్రీయెస్సాలో ఆ యువకుడు బతికాడు, అమ్మాయి రెండు రోజులకి చనిపోయింది. నిజంగా పోయిన మనిషి గాయం అది. సెట్‌లో పంపు కాస్త గట్టిగా నొక్కితే చిమ్మిన నెత్తుటిని వెనక్కి తీసుకోలేం. తర్వాత కలిపేదాన్ని తగ్గించుకోవచ్చు. ఆ సీన్ మనల్ని వణికించేది మధ్యాహ్నం కబుర్లలా సాగే ఆ మాటల వల్ల, తర్వాత ఒక్కసారిగా వచ్చే పోటు వల్ల. నెత్తురు అక్కడ తక్కువే ఉండాలి.

నైట్‌షో
రీలు పిచ్చి గారి మాట సబబుగా ఉంది.

బెజవాడ బాల్కనీ
తక్కువ ఉండాలన్నది ఒప్పుకుంటాను. తక్కువైనా తడిగా ఉండాలి.

కీఫ్రేమ్
అయితే ఒక పద్ధతి ఉంది. టేకులన్నీ పొడిగా తీయండి. ఓకే అయ్యాక, డ్రెస్ ఎలాగూ ఆఖరిది కాబట్టి, అదే లైట్‌లో అదే కదలికతో ఒక్క టేక్ సిరప్ నెత్తురుతో తీయండి. గుడ్డ ఎంత ముదురైంది, మెరుపు ఎక్కడ పడింది, ఎంతసేపటికి ఇంకింది, గ్రాఫిక్స్ వాళ్లకి దాన్ని మించిన రిఫరెన్స్ లేదు. ఖర్చు ఒక డ్రెస్, అరలీటరు సిరప్, అరగంట.

బెజవాడ బాల్కనీ
ఆ ఆఖరి టేకే అన్నిటికన్నా బాగా వస్తే?

కీఫ్రేమ్
ఫోకస్ ఉండి, కత్తి బ్లేడు ఎక్కడా వంగకపోతే, అదే వాడాలి.

బెజవాడ బాల్కనీ
మరైతే ఆ టేక్ ముందే ఎందుకు తీయకూడదో చెప్పండి.