కామెర్ల మీటరు: నుదుటి మీద ఒకటి, రొమ్ము మీద ఇంకొకటి

ప్రశ్న (స్టాఫ్ నర్సు, గజపతినగరం వైపు):
అయిదో రోజు బిడ్డ. మీటరు నుదుటి మీద 11.2, రొమ్ము ఎముక మీద 13.4 చూపిస్తోంది. ఫొటోథెరపీ (కామెర్లు తగ్గించే నీలం లైటు) ఆపి 10 గంటలైంది. ఏది రాయాలండీ?

బయోమెడికల్, విజయనగరం:
రెండూ వద్దు. మీటరు చూసేది చర్మాన్ని, రక్తాన్ని కాదు. 450 నానోమీటర్ల నీలం కాంతి, 550 ఆకుపచ్చ కాంతి ఎంతెంత తిరిగొచ్చాయో పోలుస్తుంది. లైటు కింద చర్మంలోని బిలిరుబిన్ (కామెర్లలో పసుపు రంగు తెచ్చే పదార్థం) ముందు తగ్గిపోతుంది, అందుకే అంకె తక్కువ పడుతుంది. లైటు ఆపి 24 గంటలు దాటాకే మీటరు. ఈలోగా మడమ రక్తం తియ్యండి, శాంపిలుకి వెలుతురు తగలనివ్వకండి.

పిల్లల వార్డు:
లైటు పెట్టని బిడ్డకైనా మీటరు అంకె 15కి చేరితే, లేదా ఫొటోథెరపీ గీతకి (లైటు మొదలుపెట్టాల్సిన అంకెకి) 3 లోపుకి వస్తే రక్తపరీక్షే. 2022 అమెరికా పిల్లల వైద్యుల సంఘం సూచన ఇది. ప్రోబు (మీటరు కొన) చర్మానికి నిటారుగా ఆనించాలి. వాలిస్తే బయటి వెలుతురు దూరుతుంది. కమిలిన చోటు, మచ్చ వదిలేయండి.

అన్నట్టు, నలుగులో పసుపు వాడారా? పసుపూ నీలం కాంతినే మింగుతుంది.

స్టాఫ్ నర్సు:
వాడారండి. తుడిచినా పోలేదు, ఏటి చేయాలి?

బయోమెడికల్, విజయనగరం:
పసుపు తగలని చోట చూడాలి. లేకపోతే రక్తమే.