ఉగాది వేడుకలో పిల్లల స్టాల్: వాలంటీర్ల పని పంపకం

స్టాల్ సమన్వయకర్త:

అందరికీ నమస్కారం. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మన తెలుగు సంఘం జరుపుతున్న ఉగాది వేడుకలో, ఎదుగుదలలో గానీ ఆరోగ్యంలో గానీ ప్రత్యేక అవసరాలున్న పిల్లల కుటుంబాల కోసం ఒక స్టాల్ పెట్టడానికి కార్యవర్గం ఒప్పుకుంది. ఎవరెవరు ఏ పని చేయాలో అనుకునే ముందు, ఈ స్టాల్ ఎందుకు కావాలో నా అనుభవం నుంచి చెప్పనివ్వండి.

మా అబ్బాయికి రెండేళ్ళు దాటినా మాటలు రాలేదు. ఇంటికి ఫోను చేసినప్పుడల్లా "వాళ్ళ నాన్నకూ మూడేళ్ళకే మాటలొచ్చాయి, కంగారు పడకండి" అని పెద్దలు ధైర్యం చెప్పేవారు. ప్రేమతో అన్న మాట కనుక మేమూ నమ్మాము. కాలిఫోర్నియాలో ఎదుగుదలలో వెనుకబడిన మూడేళ్ళలోపు పిల్లలకు ఎర్లీ స్టార్ట్ అనే సేవ ఉందనీ, దానికి డాక్టరు చీటీ అవసరం లేకుండా తల్లిదండ్రులే రీజనల్ సెంటర్‌కు, అంటే ఇలాంటి పిల్లలకు సేవలు ఏర్పాటు చేసే ప్రాంతీయ కేంద్రానికి, ఫోను చేయవచ్చనీ మాకు తెలిసేసరికి వాడి మూడో పుట్టినరోజుకు రెండు నెలలే మిగిలాయి. ఫోను చేసిన నాటి నుంచి పరీక్షలు ముగించి, ప్రణాళిక సమావేశం జరపడానికి చట్టం వారికి 45 రోజుల గడువు ఇస్తుంది. అంటే మాకు మిగిలింది దాదాపు ఏమీ లేదు. ఆ ఏడాది నష్టం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

అందువల్ల నా అభిప్రాయం ఒక్కటే: మన స్టాల్‌కు వచ్చిన ప్రతి కుటుంబం చేత మొదటి ఫోను చేయించాలి, లేదా మొదటి ఉత్తరం రాయించాలి. కరపత్రాల సంచీ ఇచ్చి పంపితే అది కారు వెనుక సీటులోనే ఉండిపోతుంది. వేడుక శనివారం కనుక ఆ రోజు ఆఫీసులు తెరిచి ఉండవు. సోమవారం ఉదయం ఏ నంబరుకు చేయాలో, ఏ మాటలతో మొదలుపెట్టాలో తెలుగులో రాసి ఇచ్చి, వారు అనుమతిస్తే ఆ ఉదయం ఒక వాలంటీరు గుర్తు చేయాలి.

రాష్ట్రంలో 21 రీజనల్ సెంటర్లు ఉన్నాయి కనుక ముందుగా ఊరు అడగండి. ఫ్రీమాంట్, డబ్లిన్, శాన్ రమోన్ వారు రీజనల్ సెంటర్ ఆఫ్ ది ఈస్ట్ బేకు, శాన్ హోసే, మిల్పిటాస్, సన్నీవేల్ వారు శాన్ ఆండ్రియాస్‌కు, ఫాస్టర్ సిటీ వారు గోల్డెన్ గేట్‌కు చేయాలి. వీరి సేవలకు కాలిఫోర్నియాలో నివాసం ఉంటే చాలు, వీసా ఏదని అడగరు. హెచ్-4 (ఉద్యోగ వీసాదారుల కుటుంబాలకిచ్చే వీసా) మీద వచ్చిన పిల్లల తల్లిదండ్రులు చాలామంది తమకు వర్తించదనుకుని అసలు అడగరు కనుక, ఈ మాట మనమే ముందుగా చెప్పాలి.

మూడేళ్ళు నిండిన పిల్లల బాధ్యత బడి జిల్లాది (స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ). పరీక్షించమని తల్లిదండ్రులు రాతపూర్వకంగా కోరితే, 15 రోజుల్లో పరీక్షల ప్రణాళిక పంపాలి. దానిపై సంతకం చేసి ఇచ్చాక 60 రోజుల్లో ఐఈపీ (ఆ బిడ్డకు బడిలో ఇవ్వాల్సిన ప్రత్యేక విద్య ప్రణాళిక) సమావేశం జరగాలి. వేసవి సెలవులు ఈ లెక్కలోకి రావు. ఉగాది వారంలోనే ఉత్తరం వెళితే బడులు మూసేలోపు సమావేశం జరిగే అవకాశం ఉంటుంది, మే నెల దాకా ఆగితే ఆ పని ఆగస్టుకు పోతుంది. సమావేశానికి తెలుగు దుబాసీని ఏర్పాటు చేయమని అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది. ఇంగ్లీషు వచ్చినా, బిడ్డ గురించి కన్నీళ్ళు ఆపుకుంటూ మాట్లాడేటప్పుడు సొంత భాష కావాలనిపిస్తుంది. అడగడం నామోషీ కాదని చెప్పండి. సికింద్రాబాద్‌లోని ఎన్‌ఐఈపీఐడీ (మేధోపరమైన వైకల్యాలున్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ) వంటి చోట్ల ఇచ్చిన రిపోర్టులుంటే తీసుకురమ్మనండి. ఇక్కడి బడి తన పరీక్షలు తాను చేసినా, తల్లిదండ్రులు ఇచ్చిన రిపోర్టులను పరిగణనలోకి తీసుకోవాలి.

వైద్య సమాచారం చూస్తున్న వాలంటీరు:

సమన్వయకర్తగారూ, మీరు రాసినదానికి ఒక విషయం చేర్చాలి. మా అమ్మాయికి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు కష్టమయ్యే స్థితి. ఇలాంటి పిల్లల చికిత్సకు సాయపడే కాలిఫోర్నియా చిల్డ్రన్స్ సర్వీసెస్ అనే ప్రభుత్వ కార్యక్రమం గురించి మొదట విన్నప్పుడు "మన జీతాలకు అవి రావు" అని నేనే కొట్టిపారేశాను. వైద్య ఖర్చు భరించే భాగానికి కుటుంబ ఆదాయం 40,000 డాలర్లలోపు ఉండాలనో, లేక చికిత్సకు చేతినుంచి పెట్టే ఖర్చు ఆదాయంలో 20 శాతం దాటాలనో నియమం ఉన్నమాట నిజం. కానీ వారి మెడికల్ థెరపీ కార్యక్రమానికి ఆదాయ పరిమితి లేదు. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ ప్రభుత్వ బడుల ఆవరణలోని కేంద్రాలలో ఇస్తారు. ఈ సంగతి రెండేళ్ళు ఆలస్యంగా, ఒక ఆసుపత్రి వరండాలో పక్కన కూర్చున్న తల్లి చెబితే తెలిసింది.

బీమా విషయంలో అందరికీ ఒకే ప్రశ్న రాసిద్దాం: "మా ప్లాన్ సెల్ఫ్ ఫండెడా?" ఆటిజం పిల్లల బిహేవియర్ థెరపీ ఖర్చును బీమా భరించాలనే రాష్ట్ర నిబంధన, సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్లకు, అంటే కంపెనీ తన సొమ్ముతో నడిపేవాటికి, వర్తించదు. హెచ్ఆర్‌ను ముందే అడిగితే తరువాత బిల్లు చూసి కుంగిపోనక్కర్లేదు.

ఈ సేవలు తీసుకుంటే గ్రీన్‌కార్డు మీద ప్రభావం ఉంటుందా అని ఎవరైనా అడిగితే మనలో ఎవరమూ జవాబు చెప్పకూడదు. ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని కలవమని మాత్రమే చెప్పాలి.

హాలు ఏర్పాట్ల వాలంటీరు:

డప్పులు, స్పీకర్ల శబ్దం తట్టుకోలేని పిల్లల కోసం వేదికకు దూరంగా ఉన్న తరగతి గదిని అడిగాను, ఇస్తామన్నారు. దీపాలు తగ్గించి, చాపలు వేయిస్తాను. ఉగాది పచ్చడిలో, భోజనంలో ఏమేం వేశారో వంటవారి చేత రాయించి గిన్నెల పక్కన పెట్టిస్తాను. జీడిపప్పు పడని పిల్లలున్నారు.

స్టాల్ సమన్వయకర్త:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇక నిర్ణయాలు. స్టాల్ మీద "ప్రత్యేక అవసరాలు" అని పెద్ద అక్షరాలతో రాయవద్దు. నలుగురి ముందు అక్కడ ఆగడానికి జంకే తల్లులు మనలో చాలామంది ఉన్నారు, నేనూ ఒకప్పుడు ఆగేదాన్ని కాదు. "పిల్లల ఎదుగుదల గురించి అడగండి" అని రాద్దాం, పిల్లల నమోదు బల్ల పక్కనే పెడదాం. బిడ్డ పేరు, జబ్బు పేరు మన పుస్తకంలో రాసుకోవద్దు.

అమ్మమ్మలు, తాతయ్యలతో మాట్లాడడానికి వయసులో పెద్దవారైన ఇద్దరు వాలంటీర్లు కావాలి. వారి మాటను తప్పుపట్టకుండా, "పరీక్ష చేయిస్తే నష్టమేమీ లేదండీ, ఆగితే కాలం పోతుంది" అని మెల్లగా చెప్పగలిగినవారైతే మంచిది.

ఊళ్ళవారీ నంబర్ల పట్టిక గురువారం అచ్చుకు పంపుతున్నాను. ఆలోపు మీ ఊరికి ఎదురుగా ఉన్న నంబరుకు పని వేళలో మీరే ఒకసారి ఫోను చేసి, అవతల ఎవరు ఎత్తారో, తెలుగు దుబాసీని ఇస్తారో లేదో కనుక్కుని ఇక్కడ రాయండి.