అప్‌డేట్: రేడియేషన్‌కు ముందే నాన్నగారి పుచ్చిపళ్లు తీయించాం

నాన్నగారికి నాలుక క్యాన్సర్ అని తేలాక, పుచ్చిన దవడపళ్లను చికిత్స అయ్యాక చూసుకోవచ్చా అని ఇక్కడ అడిగాను. ముందే దంతవైద్యుడికి చూపించమన్న సలహానే పనికొచ్చింది, ఆ సలహా ఇచ్చినవారికి ధన్యవాదాలు. రేడియేషన్ పడిన దవడ ఎముకకు రక్తప్రసరణ తగ్గుతుందట. ఆ తర్వాత పన్ను పీకితే గాయం మానక ఎముకే చచ్చుబడే ప్రమాదముంది. అందుకే నాలుక ఆపరేషన్‌లోనే, అదే మత్తులో, ఆ పళ్లూ తీసేశారు. చిగుళ్లు మానాకే రేడియేషన్ మొదలుపెడతారు. మిగిలిన పళ్లకు రోజూ ఫ్లోరైడ్ జెల్. నోరు బిగుసుకుపోకుండా ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పళ్ల మధ్య పెట్టుకోమన్నారు, విసుక్కుంటూనే చేస్తున్నారు. బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేస్తే జబ్బు పాకుతుందన్న భయాన్ని మాత్రం డాక్టరు కొట్టిపారేశారు. దానిమీద అనవసరంగా వాదించుకున్నాం.