పల్సార్ చుట్టూ తిరిగే గ్రహాలు రాతివేనా?

కన్యారాశిలో ఉన్న పీఎస్‌ఆర్ బీ1257+12 అనే పల్సార్ (క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే తార) గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. అది పేలిపోయిన నక్షత్రం మిగిల్చిన న్యూట్రాన్ తార, అంటే అతి సాంద్రమైన అవశేషం, సెకనుకు దాదాపు 161 చుట్లు తిరుగుతుంది. దాని రేడియో స్పందనలు రవ్వంత ముందూ వెనకా రావడం గమనించి, 1992లో ఖగోళ శాస్త్రవేత్తలు వోల్ష్చాన్, ఫ్రెయిల్ దాని చుట్టూ రెండు గ్రహాలున్నాయని తేల్చారు. ఒక్కోటీ భూమికి సుమారు నాలుగు రెట్ల బరువు. ఎంత అద్భుతం!

సూపర్‌నోవా పేలుడులో నక్షత్రం సగానికి మించి ద్రవ్యరాశి ఒక్కసారిగా పోగొట్టుకుంటే పాత గ్రహాలు మామూలుగా పట్టు తప్పి ఎగిరిపోవాలి కదా. మరి ఇవి ఆ తర్వాత మిగిలిన ధూళి, వాయువుల నుంచి కొత్తగా పుట్టినవా? నన్ను ఇంకా తొలిచేస్తున్న ప్రశ్న వేరే ఉంది. స్పందనల తేడాతో బరువు తెలుస్తుంది సరే, సైజు తెలియకుండా వీటిని రాతి గ్రహాలని ఎలా అంటున్నారు? లెక్కలతో చెప్పినా పర్లేదు, ఇంటర్ ఫిజిక్స్ స్థాయి వరకు అర్థమవుతుంది.