ఈఆర్‌జీ పాజిటివ్ అంటే మాకూ వస్తుందా?

నిద్రలేదు: మధ్యాహ్నం నుంచి చదువుతూనే ఉన్నాను, బుర్ర పనిచేయడం లేదు. నాన్నగారి ప్రోస్టేట్ క్యాన్సర్ రిపోర్టులో "టీఎంపీఆర్ఎస్ఎస్2–ఈఆర్‌జీ ఫ్యూజన్ పాజిటివ్, పీటెన్ లాస్" అని ఉంది. ఒకచోట క్రోమోజోమ్ తెగిందంటారు, ఇంకోచోట మామూలేనంటారు. తమ్ముడికీ నాకూ వచ్చేస్తుందా? ఎవరైనా సూటిగా చెప్పండి.

మైక్రోస్కోప్: పరీక్ష కణితి ముక్క మీదా, రక్తం మీదా?

పాతకాపు: అసలు ప్రోస్టేట్ కోసం చేసే ఈ పీఎస్‌ఏ రక్తపరీక్షలే తగ్గించాలి. గ్రంథి వాచినా, వయసుతో పెరిగినా పీఎస్‌ఏ ఎక్కువే చూపిస్తుంది. దాన్ని పట్టుకుని బయాప్సీలు, టెన్షన్లు!

మైక్రోస్కోప్: ఆయన అడిగింది అది కాదు.

నిద్రలేదు: బయాప్సీ ముక్క మీదే. ఇంకెక్కడ చేస్తారు?

జన్యుపాఠం: తేడా అక్కడే ఉందండీ. టీఎంపీఆర్ఎస్ఎస్2, ఈఆర్‌జీ అనే ఆ రెండు జన్యువులూ 21వ క్రోమోజోమ్ మీద, దాదాపు 30 లక్షల బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) ఎడంలో ఉంటాయి. చాలాసార్లు మధ్య భాగం ఊడిపోయి రెండు కొసలూ అతుక్కుంటాయి, అదే ఫ్యూజన్. మొదటి జన్యువును నడిపేది పురుష హార్మోను. దాని పక్కన చేరాక ఈఆర్‌జీ కూడా ఆ హార్మోను చెప్పినట్టే ఆడుతుంది. 2005లో బయటపడిన సంగతి ఇది. పాశ్చాత్య దేశాల రోగుల్లో సుమారు సగం మందికి ఉంటుంది, ఆసియా వాళ్లలో తక్కువ. కణితిలో పుట్టిన మార్పు కాబట్టి పిల్లలకు రాదు. తండ్రికి ఈ క్యాన్సర్ ఉంటే కొడుకులకు రిస్కు కొంత పెరిగే మాట నిజమే, కానీ దానికి కారణం ఈ ఫ్యూజన్ కాదు. నేనైతే పీటెన్ గురించే డాక్టరును గట్టిగా అడుగుతాను. 10వ క్రోమోజోమ్ మీది ఆ జన్యువు కణాల పెరుగుదలకు బ్రేకు. అది పోయిన కణితులు ముదిరే అవకాశం ఎక్కువ.

పాతకాపు: ఇంత ఎందుకు, మ్యుటేషన్ అంటే సరిపోదా?

మైక్రోస్కోప్: ఒక్క అక్షరం మారడం వేరు, ముక్క తెగి అతకడం వేరు. క్రోమోజోమ్ ముక్కలను మెరిసే రంగులతో చూసే ఫిష్ పరీక్షకు మొదటిది దొరకదు.

పాతకాపు: రెండూ డీఎన్‌ఏ మార్పులే కదా!

జన్యుపాఠం: వారసత్వం సంగతి తేలాలంటే రక్తంలోనో లాలాజలంలోనో బీఆర్‌సీఏ2 లాంటి, వంశంలో క్యాన్సర్ తెచ్చే జన్యు మార్పులు చూడాలి. గ్లీసన్ స్కోరు (కణితి ఎంత దూకుడుగా ఉందో చెప్పే అంకె) ఎంత? ఇంట్లో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు ఎవరికైనా ఉన్నాయా?

నిద్రలేదు: 4+3. మేనత్తకు చిన్న వయసులోనే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. దానికీ దీనికీ సంబంధమా?

మైక్రోస్కోప్: ఉండొచ్చు, రెండిటికీ బీఆర్‌సీఏ2 లాంటి ఒకే జన్యువు కారణం కావచ్చు. ముందే చెప్పాల్సింది. జెనెటిక్ కౌన్సెలర్‌ను కలవండి. పరీక్ష ముందు నాన్నగారికి, తర్వాతే మీకు.

నిద్రలేదు: సరే, థాంక్స్.

పాతకాపు: పీఎస్‌ఏ గురించి మాత్రం ఒక్కరూ జవాబివ్వలేదు.