సింగరాయకొండ–పామూరు రోడ్డుకు 167బీ ఏంది? పాత పేరు బోర్డు మీద ఉంచాలా, వద్దా?

పామూరు_బస్సు:
మా రోడ్డు సింగరాయకొండలో మొదలై కందుకూరు, పామూరు, చంద్రశేఖరపురం మీదుగా మైదుకూరు పోతుంది. మా తాత కాలం నుంచీ అది ఆర్ అండ్ బీ రోడ్డే. ఇప్పుడు జాతీయ రహదారి చేసి, రాళ్లకు పసుపు రంగేసి 167బీ అని రాశారు. ఒంగోలు, నెల్లూరు మీదుగా పోయే ఐదో నంబరు హైవేను పదహారు చేశారు. చీరాల వైపు 214ఏ ఉండేది, దాన్నీ 216 చేశారు. ఇట్లా మారుస్తా పోతే పాత దస్తావేజుల్లో హద్దులు ఎవరికి అర్థమవుతాయి? కొత్త నంబరు కింద పాత పేరు కూడా రాయాలి. మీరేమంటారు?

మైలురాయి:
ఎవరో ఇష్టమొచ్చినట్టు మార్చినవి కావండీ ఇవి. 2010కి ముందు జాతీయ రహదారుల నంబర్లకు ఒక వరుస లేదు. ఆ ఏడాది మొత్తం తిరగరాశారు. ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే వాటికి సరి సంఖ్యలు, తూర్పు నుంచి పడమరకు పెరుగుతాయి. అడ్డంగా పోయే వాటికి బేసి సంఖ్యలు, పైనుంచి కిందికి పెరుగుతాయి. అందుకే కోస్తా రోడ్డు 16, హైదరాబాద్–బెంగళూరు రోడ్డు 44. విజయవాడ దగ్గర 65, నెల్లూరు దగ్గర 67, నాయుడుపేట దగ్గర 71. మ్యాప్ ముందు పెట్టుకుని చూడండి, చక్కగా కుదురుతుంది. మూడంకెలుంటే అది కొమ్మ. చివరి రెండంకెలు తల్లి రోడ్డువి. ఐదో నంబరు ఇప్పుడు సిమ్లా మీదుగా పోయే రోడ్డుది. పాత నంబరు కూడా బోర్డు మీద ఉంచితే ఒకే నంబరు రెండు చోట్ల తిరుగుతుంది.

ట్రంకురోడ్డు_నెల్లూరు:
మా ఊళ్లో 5 అన్నా 16 అన్నా ఎవరికీ పట్టదు. ట్రంకు రోడ్డు, బైపాసు, ముంబై రోడ్డు. అంతే.

పామూరు_బస్సు:
చక్కగా కుదిరిందా? నకిరేకల్ నుంచి మాచర్ల, మార్కాపురం, కనిగిరి మీదుగా ఏర్పేడు పోయే రోడ్డు నిలువుగా పోతుంది కదా. దానికి 565 ఎట్లా పెట్టారు? బేసి సంఖ్య కదా. పైగా మా 167బీ ఎక్కడా 167ను తాకదు. అది పోయే ఆదోని, మంత్రాలయం ఎక్కడ, మేమెక్కడ?

మైలురాయి:
సరి, బేసి లెక్క తల్లి రోడ్లకే. 565 పుట్టింది 65 మీద, నకిరేకల్‌లో. కాబట్టి నిలువుగా పోయినా చివర 65 తప్పదు. మీది 67కు కొమ్మ, మైదుకూరులో దాన్నే కలుస్తుంది. పక్కన అక్షరం ఉందంటే ఆ వరుసలో తర్వాత చేరిందని అర్థం, 167కు పుట్టిందని కాదు.

అద్దంకి_అల్లుడు:
నంబరు గొడవ మనకెందుకు? నార్కట్‌పల్లి–అద్దంకి–మేదరమెట్ల రోడ్డు రాష్ట్ర రహదారి 2గా ఉండగానే నాలుగు వరుసలైంది. 212 కిలోమీటర్లు. పని జరగాలంటే జాతీయం కావాలని రూలేం లేదు.

లారీ_రొయ్య:
టోల్ మాత్రం రెండిట్లోనూ ఒకటే 😀

పామూరు_బస్సు:
అద్దంకి ఆయన చెప్పింది నిజం. రాష్ట్రం చేతిలో ఉంటే మనం పోయి అడిగే ఆఫీసన్నా ఉండేది. ఇప్పుడు ఒకరి దగ్గరికి పోతే ఇంకొకరి పేరు చెబుతున్నారు.

మైలురాయి:
అదీ అసలు సంగతి. మీకు కావలసింది పాత పేరు కాదు, పాత రోడ్డు. జాతీయ రహదారి అయితే పర్మిషన్ లేకుండా రోడ్డు మీదికి దారి తీయకూడదు, అంచున కొట్టు పెట్టకూడదు. ఆ బాధను నంబరు మీద తోస్తున్నారు. ఆర్ అండ్ బీ రోజుల్లో ఆ గుంతల్లో పడి నడుములు విరిగినప్పుడు ఎవరు అడిగారు?

పామూరు_బస్సు:
కొట్టా? నోరు అదుపులో పెట్టుకో. మాకు కొట్టు లేదు, కందిచేను ఉంది. పేపర్లో వెడల్పు కోసం భూసేకరణ ప్రకటన వేశారు. పైన పెద్దగా 167బీ అని. మా నాయనకు అది కందుకూరు రోడ్డు. ఆ నంబరు ఎక్కడిదో అనుకుని పేపరు పక్కన పడేశాడు. అభ్యంతరం చెప్పడానికి 21 రోజులు గడువంట. పంతులు గారి అబ్బాయి చూసి చెప్పేసరికి అయిపోయింది. బోరు పోయింది, చెట్లు పోయాయి. కొలతల్లో బోరు రాయనే లేదు. ఇప్పుడు చెప్పు, పాత పేరు ఎందుకు రాయాలో.

మైలురాయి:
ప్రకటనలో ఊరి పేరు, సర్వే నంబరు ఉంటాయి. రోడ్డు నంబరు చూసి పేపరు పారేస్తే చట్టం ఏం చేస్తుంది? చదువుకోవాల్సింది రైతే.

పామూరు_బస్సు:
ఇన్నేళ్లు ఒక పేరుతో పిలిచిన రోడ్డును మార్చినోడు వచ్చి చెప్పాలి. మా నాయన నేర్చుకోవాలంటావా?

ట్రంకురోడ్డు_నెల్లూరు:
ఇద్దరూ ఆగండబ్బా. అవార్డు కాపీ, అంటే పరిహారం ఎంతో తేల్చిన ఉత్తర్వు, చేతికొచ్చిందా? మొత్తం తక్కువని, బోరు వదిలేశారని ఆర్బిట్రేటర్ (పరిహారం తగవు తేల్చే అధికారి) దగ్గరికి పోవచ్చు. జాతీయ రహదారుల చట్టంలో 3జీ సెక్షన్ కింద ఆ దారి ఉంది. ఎక్కువగా కలెక్టరే ఆర్బిట్రేటర్. బోరు కరెంటు బిల్లులు, అడంగల్ తీసుకోండి. చేను ఫొటోలు పాతవి ఉంటే అవి కూడా.

పామూరు_బస్సు:
కాపీ వచ్చింది. కరెంటు బిల్లులు కూడా ఉన్నాయి. అర్జీలో రోడ్డు పేరు ఏమని రాయాలి?

మైలురాయి:
167బీ. పక్కన సర్వే నంబరు.

అద్దంకి_అల్లుడు:
బ్రాకెట్లో కందుకూరు రోడ్డు అని కూడా రాయండి. దస్తావేజులో ఆ పేరే ఉంది కదా, రెండూ ఒకటేనని వాళ్లకు తెలియాలి.

ట్రంకురోడ్డు_నెల్లూరు:
మరి పొద్దున్నుంచీ ఆయన అడుగుతున్నది అదేగా!

మైలురాయి:
కాదు. ఆయన అడిగింది బోర్డు గురించి.